విమానానికి ‘ఓకే’ చెప్పే సంతకం.. ఎవరిది? ఎంత బరువు?

2025 జూన్‌ 24న డీజీసీఏ ఒక ప్రకటన ఇచ్చింది. అహ్మదాబాద్‌లో ఎయిరిండియా 171 కూలి అప్పటికి రెండు వారాలు కూడా కాలేదు. ఢిల్లీ, ముంబయి సహా పెద్ద విమానాశ్రయాల్లో రాత్రివేళ, తెల్లవారుజామున తనిఖీలు చేసి, కనిపించిన లోపాలను అందులో చెప్పారు. ఒకసారి బాగు చేశామన్న లోపమే అదే విమానంలో మళ్లీ మళ్లీ వస్తోంది. విమానంలోని కంప్యూటర్‌ స్వయంగా చూపించిన లోపాలను టెక్నికల్‌ లాగ్‌బుక్‌లో ఎక్కించలేదు. మెయింటెనెన్స్‌ చేస్తున్నప్పుడు వర్క్‌ ఆర్డర్‌ పాటించలేదు. ఒక దేశీయ విమానాన్నయితే టైర్లు అరిగిపోయి ఉన్నాయని అక్కడికక్కడే ఆపేశారు.

ఏ ఎయిర్‌లైన్‌ అన్నది ఆ ప్రకటనలో లేదు కాబట్టి టీవీల్లో ఒకట్రెండు రోజులు నడిచి పోయింది. ఉద్యోగం వెతుక్కునే మనకు మాత్రం అది జాగ్రత్తగా చదవాల్సిన కాగితం. ఎందుకంటే ఆ లోపాలన్నీ చివరికి చేరేది ఒకే మనిషి దగ్గరికి. ఆ మనిషి ఎయిర్‌క్రాఫ్ట్‌ మెయింటెనెన్స్‌ ఇంజినీర్‌, పొట్టిగా ఏఎంఈ. ఇంటర్‌ ఎంపీసీ రిజల్ట్స్‌ రాగానే మన ఫోన్లకు వచ్చే ప్రకటనల్లో ‘ఏరోప్లేన్‌ ఇంజినీర్‌ అవ్వండి, లక్షల్లో జీతం’ అంటారే, అదే కోర్సు. ఆ ప్రకటనల్లో హ్యాంగర్‌ ఫొటో ఉంటుంది, తెల్లచొక్కా మీద బ్యాడ్జీ ఉంటుంది. ఆ మనిషి ఏ మాటకు జవాబుదారీగా ఉంటాడో మాత్రం ఎక్కడా ఉండదు. ఈ వారం దాని గురించే మాట్లాడుకుందాం.

ముందే ఒక మాట. నేను ఏఎంఈని కాను. మెకానికల్‌ చదివి టెక్‌ బ్లాగు రాసుకునేవాణ్ని. రుద్రవరం, ఆళ్లగడ్డ వైపు నుంచి తమ్ముళ్లు, చెల్లెళ్లు ‘అన్నా, ఈ కోర్సుకు కట్టొచ్చా?’ అని అడుగుతుంటే, నియమాలు, ప్రమాద నివేదికలు తెచ్చుకుని కూర్చున్నాను.

రిపేరు ఒకటి, రిలీజు ఇంకొకటి

మా ఊళ్లో ట్రాక్టర్‌ మెకానిక్‌ పని అయ్యాక చేతులు తుడుచుకుంటూ ‘ఇంక తోలుకోని పోప్పా’ అంటాడు. రిపేరు చేసిందీ ఆయనే, పంపిందీ ఆయనే. దారిలో మళ్లీ ఆగితే తిట్లు తినేదీ ఆయనే.

విమానంలో ‘తోలుకోని పో’ అనడమే ఒక ప్రత్యేకమైన ఉద్యోగం. పానెల్‌ విప్పేది, పార్టు మార్చేది టెక్నీషియన్‌ కావచ్చు. ఆ పని సరిగ్గా జరిగిందని, విమానం మళ్లీ ఎగరొచ్చని రాతపూర్వకంగా చెప్పే పత్రం పేరు సర్టిఫికెట్‌ ఆఫ్‌ రిలీజ్‌ టు సర్వీస్‌. సీఆర్‌ఎస్‌ అంటారు. ఇది లేకుండా మెయింటెనెన్స్‌ జరిగిన విమానం కదలకూడదు. దీని మీద సంతకం పెట్టే హక్కు ఉన్నవాళ్లే ‘సర్టిఫైయింగ్‌ స్టాఫ్‌’. మన దేశంలో వీళ్ల లైసెన్సుకు సంబంధించిన నియమాలు సీఏఆర్‌-66లో, వీళ్లు పనిచేసే సంస్థ నియమాలు సీఏఆర్‌-145లో ఉంటాయి.

ఒక రాత్రిని ఊహించుకోండి. అర్ధరాత్రి దాటాక ఎ320 ఒకటి శంషాబాద్‌లో దిగింది. పైలట్‌ టెక్‌లాగ్‌లో ఒక లోపం రాసి వెళ్లిపోయాడు. పొద్దున ఆరింటికి అదే విమానం మళ్లీ బయల్దేరాలి. డ్యూటీలో ఉన్న ఏఎంఈ ట్రబుల్‌షూటింగ్‌ మాన్యువల్‌ తెరిచి, లోపం ఎక్కడిదో ఒక్కో మెట్టూ దిగుతూ పట్టుకోవాలి. పార్టు మార్చాల్సి వస్తే స్టోర్‌ నుంచి వచ్చిన పార్టుతో పాటు దాని పుట్టుపూర్వోత్తరాల కాగితం ఉందా, పార్టు నంబరు ఈ విమానానికి సరిపోతుందా చూడాలి. బోల్టు బిగించే టార్క్‌ రెంచ్‌కు కాలిబ్రేషన్‌ గడువు దాటలేదు కదా చూడాలి. చేతిలో ఉన్న మాన్యువల్‌ తాజా రివిజనేనా చూడాలి. పని అయ్యాక టెస్ట్‌ చేయాలి. తెచ్చిన టూల్స్‌ అన్నీ తిరిగి పెట్టెలోకి వచ్చాయా అని లెక్కపెట్టాలి. ఇంజిన్‌ కవర్‌ లోపల స్పానర్‌ మర్చిపోవడం బైకు సీటు కింద మర్చిపోవడం లాంటిది కాదు. ఆ తర్వాతే ఏ మాన్యువల్‌లోని ఏ టాస్క్‌ ప్రకారం చేశారో, ఏ సీరియల్‌ నంబరు తీసి ఏది పెట్టారో రాసి, తన ఆథరైజేషన్‌ నంబరు వేసి సంతకం.

పార్టు దొరకలేదనుకోండి. అప్పుడు మినిమమ్‌ ఎక్విప్‌మెంట్‌ లిస్ట్‌ చూస్తారు. ఏ పరికరం పనిచేయకున్నా, ఏయే షరతులతో, ఎన్ని రోజులు ఎగరొచ్చో అందులో ఉంటుంది. బీ కేటగిరీ లోపానికి 3 రోజులు, సీ అయితే 10, డీ అయితే 120. ఏ కేటగిరీకి గడువు అక్కడే విడిగా రాసి ఉంటుంది. లిస్టులో లేని లోపమైతే విమానం ఆగాల్సిందే. నూట ఎనభై మంది గేటు దగ్గర నిలబడి ఫోన్లలో వీడియోలు తీస్తున్నా సరే. ‘ఎంతసేపు?’ అని డ్యూటీ మేనేజర్‌ పదోసారి ఫోన్‌ చేస్తున్నా సరే.

నియమం సారాంశం ఇంతే: చేయమన్న పనంతా పద్ధతి ప్రకారం జరిగిందని సరిచూసుకున్నాకే, విమాన భద్రతకు ముప్పు తెచ్చే లోపం ఏదీ తన ఎరుకలో లేనప్పుడే సీఆర్‌ఎస్‌ ఇవ్వాలి. ఈ రెండో ముక్కే అసలైన బరువు. తనకు అప్పగించిన పని టైరు మార్చడమే కావచ్చు. కానీ మారుస్తూ పక్కనే బ్రేక్‌ పైపు చెమ్మగా ఉండడం చూశాడు. ‘అది నా పని కాదు’ అనే వీలు ఆ క్షణం నుంచి ఉండదు.

0.66 మిల్లీమీటర్లు

ఈ బాధ్యత ఎలా జారిపోతుందో చెప్పడానికి ప్రపంచంలో ఏ ఏఎంఈ క్లాసులోనైనా చెప్పే పాఠం ఒకటుంది. 1990 జూన్‌ 10. బ్రిటిష్‌ ఎయిర్‌వేస్‌ 5390, బర్మింగ్‌హామ్‌ నుంచి స్పెయిన్‌లోని మలాగాకు బయల్దేరింది. 17,300 అడుగుల ఎత్తులో కెప్టెన్‌ ముందున్న అద్దం ఊడి ఎగిరిపోయింది. గాలి లాగిన దెబ్బకు కెప్టెన్‌ టిమ్‌ లాంకాస్టర్‌ నడుము దాకా బయటికి వెళ్లిపోయాడు. సిబ్బంది కాళ్లు పట్టుకుని వేలాడారు. కోపైలట్‌ అలస్టెయిర్‌ అచిసన్‌ విమానాన్ని సౌతాంప్టన్‌లో దించాడు. నమ్మలేరు గానీ కెప్టెన్‌తో సహా అందరూ బతికారు.

ఆ అద్దాన్ని 27 గంటల ముందే మార్చారు. దాన్ని పట్టి ఉంచే 90 బోల్టుల్లో 84 బోల్టులు ఉండాల్సిన దానికన్నా 0.026 అంగుళం సన్నవి, అంటే 0.66 మిల్లీమీటర్లు. మిగతా ఆరు పొట్టివి.

ఎవరో కొత్త కుర్రాడు చేశాడనుకుంటాం కదా? కాదు. చేసింది ఆ రాత్రి షిఫ్ట్‌ మేనేజరే, అనుభవజ్ఞుడు. మనుషులు తక్కువున్నారని తనే పనిలోకి దిగాడు. పాత బోల్టును చేత్తో పట్టుకుని దానికి సరిపోలేవి కావాలని స్టోర్‌కు వెళ్లాడు. అక్కడి ఉద్యోగి ఈ అద్దానికి వేరే సైజు వాడాలని చెప్పాడు కూడా. ఈయన వినలేదు, మాన్యువల్‌తో సరిచూడలేదు. తర్వాత ఇంకోచోట, వెలుతురు సరిగాలేని మూలలో ఉన్న పార్టుల స్టాండు నుంచి కంటి అంచనాతో మిగతా బోల్టులు తీసుకున్నాడు. సమయం తెల్లవారుజాము, ఒళ్లు నిద్ర కోరే గంటలు. పని చేసిందీ ఆయనే, సర్టిఫై చేసిందీ ఆయనే. రెండో మనిషి చూడాలన్న నియమం అప్పట్లో ఆ పనికి లేదు.

ఈ కథలో నన్ను పట్టుకునేది ఆ మేనేజర్‌ బద్ధకస్తుడు కాకపోవడం. విమానం టైముకు వెళ్లాలని, టీమ్‌ మీద భారం పడకూడదని తపనపడే రకం మనిషి. మన ఆఫీసుల్లో ‘బెస్ట్‌ ఎంప్లాయీ’ ఇచ్చేది ఇలాంటి వాళ్లకే. సర్టిఫైయింగ్‌ స్టాఫ్‌ విషయంలో ఆ చురుకుదనమే ప్రమాదం కావచ్చు. అందుకే ఇప్పుడు ఫ్లైట్‌ కంట్రోల్స్‌ లాంటి కీలకమైన పనుల్లో ఇండిపెండెంట్‌ ఇన్‌స్పెక్షన్‌ ఉంటుంది: చేసినవాళ్లు కాకుండా వేరొక అర్హులు వచ్చి చూసి, వాళ్లూ సంతకం పెట్టాలి. ‘నా మీద నమ్మకం లేదా?’ అని నొచ్చుకునేవాళ్లకు ఈ వృత్తి కష్టం.

రాయకపోవడం గురించి కూడా ఒక ఉదాహరణ. 2024 జనవరి 5న అలాస్కా ఎయిర్‌లైన్స్‌ బోయింగ్‌ 737 మ్యాక్స్‌ 9 నుంచి గాల్లో ఒక డోర్‌ ప్లగ్‌ ఊడిపోయింది. ఫ్యాక్టరీలో దాన్ని ఒకసారి తెరిచి మూశారు, తిరిగి పెట్టాల్సిన నాలుగు బోల్టులు పెట్టలేదు. తెరిచినట్టు రికార్డే లేదు. రికార్డు లేకపోతే తర్వాతి మనిషికి వెతకాలని కూడా తెలియదు. డీజీసీఏ తన జూన్‌ ప్రకటనలో లాగ్‌బుక్‌లో ఎక్కించని లోపాలను ఎందుకు అంత పెద్ద విషయంగా చూసిందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

మన నల్లమల, మన అహ్మదాబాద్‌

మన వైపు ‘హెలికాప్టర్‌’ అన్న మాట వింటే పెద్దవాళ్లకు ఇప్పటికీ గుర్తొచ్చేది 2009 సెప్టెంబరు 2. అప్పటి ముఖ్యమంత్రి వైఎస్‌ రాజశేఖరరెడ్డి సహా ఐదుగురు ఉన్న బెల్‌ 430 నల్లమలలో కూలింది. చెడు వాతావరణంలో హెలికాప్టర్‌ అదుపు తప్పడమే కారణమని విచారణ కమిటీ చెప్పింది. మెయింటెనెన్స్‌ వల్ల కూలిందని కమిటీ అనలేదు, నేనూ అనడం లేదు. కానీ ఆ నివేదికలో ఇంకో సంగతి ఉంది. చివరి నిమిషాల్లో గేర్‌బాక్స్‌ ఆయిల్‌ ప్రెషర్‌కు సంబంధించిన హెచ్చరిక ఒకటి వచ్చింది. పైలట్లు దాని వివరం కోసం మాన్యువల్‌ పేజీలు వెతుకుతూ ఉన్నారు. మబ్బుల మధ్య ఒక చిన్న లైటు పైలట్‌ ధ్యాసను ఎంత తినేస్తుందో చూడండి. నేల మీద ఉన్న ఇంజినీరు ‘చిన్న స్నాగే కదా’ అని పదే పదే రీసెట్‌ చేసి పంపే అలవాటు ఎందుకు మంచిది కాదో అక్కడ తెలుస్తుంది.

ఇక అహ్మదాబాద్‌. 2025 జూన్‌ 12న 260 మందిని బలిగొన్న ఆ ప్రమాదంపై జులైలో వచ్చిన ప్రాథమిక నివేదిక కారణం తేల్చలేదు. టేకాఫ్‌ అయిన వెంటనే రెండు ఇంజిన్ల ఫ్యూయల్‌ స్విచ్‌లూ రన్‌ నుంచి కటాఫ్‌కు మారాయని మాత్రం చెప్పింది. దాని మీద వాట్సాప్‌లో తిరిగిన ఊహాగానాలు మనకొద్దు. ఈ ఉద్యోగానికి సంబంధించిన ఒక పేరా ఉంది, అది చూద్దాం. ఫ్యూయల్‌ స్విచ్‌ల లాకింగ్‌ ఏర్పాటు గురించి అమెరికా ఎఫ్‌ఏఏ 2018 డిసెంబరులోనే ఒక బులెటిన్‌ ఇచ్చింది. అది సలహా మాత్రమే, తప్పనిసరి కాదు. అందుకని ఆ తనిఖీలు చేయలేదని ఎయిరిండియా చెప్పినట్టు నివేదిక పేర్కొంది. తప్పనిసరిగా చేయాల్సిన ఎయిర్‌వర్దీనెస్‌ డైరెక్టివ్‌లన్నీ ఆ విమానంపై పూర్తయ్యాయని కూడా రాసింది. ప్రమాదానికీ ఆ బులెటిన్‌కూ సంబంధం ఉందని ఎవరూ నిర్ధారించలేదు. కానీ ‘తప్పనిసరి’కీ ‘సలహా’కీ మధ్య గీత ఎక్కడుందో, సలహాను పట్టించుకోవాలా వద్దా అనేది ఎవరు నిర్ణయిస్తారో ప్రతి మెయింటెనెన్స్‌ సంస్థలోనూ రోజూ వచ్చే ప్రశ్న.

ఆ నిర్ణయం రాత్రి షిఫ్టు ఏఎంఈది కాదు. సీఏఎంఓ అనే విభాగానిది. ఏ విమానానికి ఏ తనిఖీ ఎప్పుడు పడుతుంది, ఏ డైరెక్టివ్‌ గడువు ఎప్పుడు, ఏ సర్టిఫికెట్‌ ఎప్పుడు ముగుస్తుంది అన్న లెక్కలన్నీ అక్కడ ఉంటాయి. 2025 నవంబరులో ఎయిరిండియా ఎ320 ఒకటి ఎయిర్‌వర్దీనెస్‌ రివ్యూ సర్టిఫికెట్‌ చెల్లుబాటులో లేకుండానే ఎనిమిది సార్లు ప్రయాణికులతో తిరిగింది. సంగతి సంస్థే డీజీసీఏకు చెప్పింది, విమానాన్ని ఆపేశారు, విచారణ మొదలైంది. ఎవరూ బోల్టు తప్పు బిగించలేదు. ఒక తేదీ ఎవరి కంటా పడలేదు, అంతే. బీటెక్‌ వాళ్లు ఈ పేరా గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

అయితే, కట్టొచ్చా?

అవకాశాలు అబద్ధం కాదు. 2023లో ఎయిరిండియా 470, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లు ఇచ్చాయి. అవి వస్తూ ఉన్నకొద్దీ సంతకాలు పెట్టేవాళ్లు కావాలి. శంషాబాద్‌లో జీఎంఆర్‌ ఏరో టెక్నిక్‌ ఉంది, ఏఐఈఎస్‌ఎల్‌ హ్యాంగర్‌ ఉంది. 2025 నవంబరు 26న శాఫ్రాన్‌ సంస్థ లీప్‌ ఇంజిన్ల మెయింటెనెన్స్‌ కేంద్రం కూడా అక్కడే మొదలైంది. పెట్టుబడి సుమారు 1,300 కోట్లు. 2035 నాటికి ఏడాదికి 300 ఇంజిన్లు చూసేలా, వెయ్యి మందికి పైగా పనిచేసేలా ప్లాన్‌ చేశారు. మనకు దగ్గరున్న ఓర్వకల్లు విమానాశ్రయానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరైతే ఉంది గానీ, ఈ తరహా హ్యాంగర్‌ ఉద్యోగాల కోసం ప్రస్తుతానికి హైదరాబాద్‌ బస్సు ఎక్కాల్సిందే.

లైసెన్సుల సంగతి క్లుప్తంగా. ఏ కేటగిరీవాళ్లు లైన్‌లో చిన్న పనులు చేసి, తాము చేసినవాటిని రిలీజ్‌ చేస్తారు. బీ1 మెకానికల్‌, అంటే బాడీ, ఇంజిన్లు. జెట్‌ విమానాలకైతే బీ1.1. బీ2 ఏవియానిక్స్‌. సీ కేటగిరీవాళ్లు పెద్ద తనిఖీలు పూర్తయ్యాక మొత్తం విమానాన్ని రిలీజ్‌ చేస్తారు. వాళ్లు ప్రతి బోల్టూ చూడలేరు, బీ1, బీ2లు పెట్టిన సంతకాల మీద ఆధారపడి తమ సంతకం పెడతారు. ఒక్క సంతకం కింద కొన్ని వందల సంతకాలు ఉంటాయన్నమాట.

ఇంటర్‌ ఎంపీసీ లేదా డిప్లొమా ఉంటే అర్హత ఉన్నట్టే. సీఏఆర్‌-147 అనుమతి ఉన్న సంస్థలో బీ1.1 లేదా బీ2 కోర్సు 2,400 గంటలు. దాంతోపాటు రెండేళ్ల ప్రాక్టికల్‌ అనుభవం చూపాలి. మాడ్యూల్‌ పరీక్షల్లో పాస్‌ మార్కు 75 శాతం. 35తో గట్టెక్కే అలవాటు ఇక్కడ పనికిరాదు. వందలో పాతిక తెలియని మనిషి చేతికి విమానం ఇవ్వడమూ ఎక్కువేనని నాకనిపిస్తుంది గానీ, అది వేరే చర్చ.

ఇప్పుడు బ్రోచర్లో ఉండని మాట. లైసెన్సు చేతికి రాగానే ఎ320 మీద సంతకం పెట్టలేరు. ఆ మోడల్‌కు ప్రత్యేకంగా టైప్‌ ట్రైనింగ్‌ చేసి, అది లైసెన్సులో ఎక్కాలి. ఆపైన మీరు పనిచేసే సంస్థ మీకు ఆథరైజేషన్‌ ఇవ్వాలి. సంస్థ మారితే మళ్లీ కొత్త ఆథరైజేషన్‌. గత రెండేళ్లలో ఆరు నెలల అనుభవం లేకపోతే ఆ హక్కు వాడుకోలేరు. లైసెన్సును ఐదేళ్లకోసారి రెన్యువల్‌ చేయించుకోవాలి. మధ్యలో హ్యూమన్‌ ఫ్యాక్టర్స్‌ లాంటి రిఫ్రెషర్‌ శిక్షణలు. పైలట్లకే కాదు, మెయింటెనెన్స్‌ సిబ్బందికీ బ్రెత్‌ ఎనలైజర్‌ పరీక్షలున్నాయి. బేసిక్‌ లైసెన్సు ఉండీ టైప్‌ ట్రైనింగ్‌ దొరక్క టెక్నీషియన్‌గా, ట్రైనీగా ఏళ్లు గడిపేవాళ్లున్నారు. ఇంట్లో పొలం మీద అప్పు తెచ్చి ఫీజు కట్టేముందు ఈ మధ్యకాలం లెక్క కూడా వేసుకోవాలి.

చాలామందికి ఉన్న ఇంకో గందరగోళం: ఏరోనాటికల్‌ బీటెక్‌ చేస్తే సంతకం పెట్టొచ్చా? పెట్టలేరు. డిగ్రీ వేరు, లైసెన్సు వేరు. కానీ ఇందాకటి సీఏఎంఓ, ప్లానింగ్‌, టెక్నికల్‌ రికార్డ్స్‌, ఇంజిన్‌ షాపుల్లాంటి చోట్ల నంద్యాలలో మెకానికల్‌, ఈసీఈ చదివినవాళ్లకూ దారులున్నాయి. డేటా చూడటం అలవాటున్నవాళ్లకు, ఒక తేదీ తప్పితే ఏమవుతుందో తెలిసినవాళ్లకు అది చిన్న పని కాదు.

ఇంగ్లిష్‌ గురించి భయపడేవాళ్లకు ఒక మంచి వార్త. విమాన మాన్యువల్స్‌ను ఏఎస్‌డీ-ఎస్‌టీఈ100 అనే ప్రమాణం ప్రకారం సింప్లిఫైడ్‌ ఇంగ్లిష్‌లో రాస్తారు. పరిమితమైన పదాలు, చిన్న వాక్యాలు, ఒక పదానికి ఒకే అర్థం. ఇంగ్లిష్‌ మాతృభాష కానివాళ్లు కూడా పొరపాటు పడకుండా చదవడం కోసమే ఆ ఏర్పాటు. తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఆరు నెలలు కూర్చుంటే పట్టు దొరుకుతుంది. దానికన్నా కష్టమైంది, కాలేజీ ల్యాబుల్లో మనకు బాగా అలవాటైన పని మానుకోవడం: రీడింగ్‌ రాకపోయినా పక్కవాడి రికార్డు చూసి అంకెలు నింపడం. అక్కడ పోయేది ఐదు మార్కులు. ఇక్కడ చేయని పనికి సంతకం పెట్టారని తేలితే లైసెన్సు సస్పెండ్‌ కావచ్చు, పూర్తిగా రద్దూ కావచ్చు.

‘కాదు’ అనగలగడం గురించి కూడా నిజాయతీగా చెప్పుకోవాలి. 2025 డిసెంబరులో ఇండిగో విమానాలు వేలల్లో రద్దయినప్పుడు పైలట్ల డ్యూటీ టైమ్‌ నియమాల గురించి ఇంటింటా మాట్లాడుకున్నాం. రాత్రంతా హ్యాంగర్‌లో నిలబడేవాళ్ల అలసట గురించి అంత చర్చ జరగలేదు. పనిని, షిఫ్టులను మనిషి శక్తికి ఉండే పరిమితులు చూసుకుని ప్లాన్‌ చేయాలని సీఏఆర్‌-145 చెబుతుంది. కాగితం మీద ఉన్నది ఉదయం నాలుగింటికి ఎంతవరకు నిలుస్తుందన్నది సంస్థను బట్టి ఉంటుంది. కాబట్టి బాధ్యతంతా ఏఎంఈ నెత్తిన పెట్టి ఎయిర్‌లైన్లు తప్పుకోవడం నాకు నచ్చదు. సంతకం ఒకరిదే అయినా, చాలినంత మంది మనుషుల్ని, పార్టుల్ని, సమయాన్ని ఇవ్వాల్సింది యాజమాన్యం. ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు జీతం అడిగినట్టే, రాత్రి షిఫ్టులో ఒక సర్టిఫైయింగ్‌ ఇంజినీర్‌కు ఎన్ని విమానాలు అప్పగిస్తారని కూడా అడగండి. వాళ్లు జవాబు ఎలా చెబుతారో గమనించండి.

అడ్మిషన్‌ తీసుకునేవాళ్లు మాత్రం ఆ కాలేజీ పేరు డీజీసీఏ వెబ్‌సైట్‌లోని సీఏఆర్‌-147 సంస్థల జాబితాలో ఉందో లేదో, ఉంటే మీరు చేరాలనుకునే కేటగిరీకే అనుమతి ఉందో లేదో స్వయంగా చూసుకోండి. రెండేళ్ల ప్రాక్టికల్‌ ఎక్కడ చేయిస్తారో, అక్కడ ఎగిరే విమానాలున్నాయా, షెడ్డులో మూలనపడ్డ పాత విమానమేనా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. వీలైతే అక్కడే చదివి, ఇప్పుడు టైప్‌ రేటింగ్‌తో పనిచేస్తున్న సీనియర్‌ ఒకరి ఫోన్‌ నంబరు అడగండి. ఇవ్వలేకపోతే ఫీజు రసీదు రాయించుకోకుండా బయటికి వచ్చేయండి.